మొదటి సగం

చివరి వరస కుర్చీల కిందికి వంగి చీపురు తోస్తుంటే ఆమె మోకాలు టక్కుమంది. "నోర్మూసుకో" అని మోకాలిని కసిరి పక్క వరసలోకి జరిగింది. నిన్నటి ఆఖరి ఆట జనం సినిమా చూడడానికి వచ్చారో మేయడానికి వచ్చారో తెలియడం లేదు. కుర్చీ సందుల్లో పాప్‌కార్న్, చేతులు పెట్టుకునే చోట నమిలి అతికించిన బబుల్‌గమ్. ఎవరో మహానుభావుడు కూల్‌డ్రింకు నేలపాలు చేసి వెళ్ళాడు. అది రాత్రంతా ఆరి జిగురై, అడుగు వేస్తే చెప్పును పట్టుకుని వదలడం లేదు. ఆమె తడిగుడ్డ వేసి, పాదంతో తొక్కి పట్టి రుద్దింది. చేత్తో రుద్దే వయసు దాటిపోయింది.

ఆ హాల్లో అందరూ ఆమెను 'శుభం' అంటారు. ఆట ముగిసే ముందు చీపురూ చేటా పట్టుకుని పక్కతలుపు లోపలికి వచ్చి గోడవార నిలబడుతుంది కదా, ఆమె కనిపించిందంటే సినిమా అయిపోయినట్టే లెక్క. ఆ పేరు పెట్టింది టార్చిలైటుతో జనానికి కుర్చీలు చూపించే ముసలాయన. ఆయనకు ఆమె 'మిణుగురు' అని పేరు పెట్టింది. ఒకరినొకరు ఆ పేర్లతో పిలుచుకుంటూనే ఇద్దరికీ జుట్టు నెరిసింది.

పడుచుతనంలో ఈ హాల్లో చేరినప్పటినుంచి ఆమె ఒక్క సినిమా కూడా మొదటినుంచి చూడలేదు. ఆట మొదలయ్యేసరికి మరుగుదొడ్లు కడగాలి. తరవాత మెట్లు. ఇంటర్వెల్లో వరండా. అన్నీ అయ్యాక హాలు ఊడ్చడానికి తలుపు దగ్గరికొచ్చి నిలబడితే కంటబడేది తోక మాత్రమే. అప్పటికి దుర్మార్గుడు చావుదెబ్బ తిని నేలమీద ఉంటాడు. తప్పిపోయిన కొడుకు తల్లి ఒళ్ళో తలపెట్టుకుని ఉంటాడు. అలిగిన పెళ్ళాం తిరిగొచ్చి గుమ్మంలో నుంచుని ఉంటుంది. ఎవరు ఎందుకు విడిపోయారో ఆమెకు తెలియదు, కలుసుకోవడం మాత్రమే తెలుసు. ఇన్నేళ్ళపాటు అవే చూస్తే మనిషికి ఏదో ఒక జబ్బు చేయక మానదు. ఆమెకు ఆశ అనే జబ్బు చేసింది.

తమ్ముడికి చేసిన జబ్బు వేరు. వాడికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి.

వాడు చెప్పుల దుకాణంలో పని చేసేవాడు. రోజంతా జనం కాళ్ళ దగ్గర ఒంటిమోకాలి మీద కూర్చుని చెప్పులు తొడిగేవాడు. అక్క కుర్చీల కింద, తమ్ముడు కాళ్ళ దగ్గర, ఇద్దరిదీ వంగే బతుకే. తల్లి పోయినప్పుడు వాడికి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా రాదు. పని వెతుక్కొస్తానని వెళ్ళిన తండ్రి ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాడు. అప్పటినుంచీ వాడికి తల్లీ తండ్రీ ఆమే. బొత్తాలు పెట్టుకోవడం, చొక్కా మడతపెట్టడం నేర్పిందీ ఆమే. ఒకరిద్దరు పెళ్ళికొడుకులు వచ్చి, "పిల్ల బాగుంది, పిల్లాడు కూడా వస్తాడా?" అని సణిగితే, బయటికి దారి చూపించింది. వాడు ఎదిగాక "ముందు నువ్వు చేసుకో అక్కా" అన్నాడు. "ముందు నువ్వు చేసుకోరా" అంది. గుమ్మం దగ్గర మీరు ముందంటే మీరు ముందనుకునే మర్యాదస్తుల్లా ఇద్దరూ ఇవతలే ఉండిపోయారు.

ఇప్పుడు వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. రోజు విడిచి రోజు మిషను మీద రక్తం శుభ్రం చేస్తారు. ఒంట్లో నీళ్ళు చేరి ఊపిరాడక ఈమధ్య అక్కడే ఉంచేశారు. ఆమె కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. రేపు పొద్దున డాక్టర్లు ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. ఇచ్చేవాళ్ళు ఇస్తామనాలి, పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకుంటామనాలి. ఆమె ఇస్తానని ఎప్పుడో చెప్పేసింది. వాడే నసుగుతున్నాడు.

వాడికి ధైర్యం చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే, ఈ హాల్లో ఆడుతున్న సినిమా. అంటే దాని తోక. నడిసముద్రంలో విరిగిన పడవ. అందులో గడ్డం పెరిగి, పెదాలు పగిలిన మనిషి ఒక్కడే ఉంటాడు. మెడలోని చెక్కపూసల దండ గుప్పిట్లో పట్టుకుని "చూస్తున్నాడు, వదిలెయ్యడు" అని గొణుక్కుంటూ ఉంటాడు. ఉన్నట్టుండి ఓడ కూత వినబడుతుంది. తాడు దిగుతుంది. ఓడవాళ్ళు అతన్ని పైకి లాగి నోట్లో నీళ్ళు పోస్తారు. అతను వెనక్కి తిరిగి ఖాళీ పడవను చూసి బావురుమంటాడు. అంతే, హాల్లో దీపాలు వెలుగుతాయి. నమ్మినవాడు బతికాడు, బతికినందుకు సంతోషం పట్టలేక ఏడ్చాడు. ఇందులో అర్థంకానిదేముంది?

రోజూ సాయంత్రం మంచం పక్కన కూర్చుని తమ్ముడికి అదే చెప్పేది. "వాడికెవరున్నార్రా సముద్రంలో? ఐనా బతికాడు. నీకు నేనున్నాను. పైవాడు చూస్తున్నాడు, వదిలెయ్యడు."

వాడు వింటూ పైకప్పు చూసేవాడు. నిన్న మాత్రం తల తిప్పి, "మొదట్లో ఏం జరిగిందక్కా?" అన్నాడు.

"మొదట్లో ఏముంటుంది? పడవ ఎక్కుంటాడు."

"రేపటితో మీ హాల్లో తీసేస్తారన్నావుగా? మొదటి సగం చూసిరా. ఉన్నదున్నట్టు చెప్పు. అప్పుడు డాక్టర్లతో ఏమనాలో నేను చెప్తాను."

అందుకే ఇవాళ పొద్దుటి ఆటకు ముందు ఆమె చీపురు గోడకానించి మేనేజరు గదిలోకి వెళ్ళింది. మేనేజరు అప్పుడే సగం తిన్న బన్ను పట్టుకుని తలెత్తాడు.

"సార్, ఇవాళ ఇంటర్వెల్ దాకా కూర్చుని సినిమా చూస్తాను."

"నువ్వా? ఎందుకు?"

"అందరూ ఎందుకు చూస్తారో అందుకే."

"మరి బాత్రూములు?"

"మిణుగురు కడుగుతానన్నాడు." నిజానికి ఆయన ఇంకా అనలేదు.

మేనేజరు నవ్వు ఆపుకోలేక బన్ను కిందపెట్టాడు. "ముందు వరసలో కూర్చో. ఆ చీపురు మాత్రం ఎవరి కంటా పడనీకు."

మిణుగురుకు చెబితే ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని, "నా జన్మకిది కూడా రాసుందా శుభం?" అంటూ బకెట్ ఎత్తుకున్నాడు. ఆయన మంచివాడు. మంచివాళ్ళతో ఇలాంటి పనులు చేయించుకోవడం ఆమెకు బాగా తెలుసు.

ఆమె ముందు వరసలో అంచున కూర్చుంది. ఈ కుర్చీల కింద ఏముంటుందో తెలుసుగాని, వాటిమీద కూర్చుంటే ఎలా ఉంటుందో ఇన్నేళ్ళూ తెలియదు. స్ప్రింగు గుచ్చుకుంది. దీపాలు ఆరగానే, పని ఎగ్గొట్టినదానిలా కుర్చీలో కిందికి నక్కింది.

తెరమీద పడవ బాగానే ఉంది, కొత్త రంగుతో. అందులో ఇద్దరున్నారు.

ఇద్దరు! ఆమె వెనక్కి తిరిగి ఎవరినైనా అడగబోయింది. వెనక వరసలో ఒక జంట తప్ప ఎవరూ లేరు. వాళ్ళకు తెరతో పనిలేదు.

గడ్డం మనిషి అప్పటికి గడ్డం లేని కుర్రవాడు, ఇంజను చూసే పనివాడు. రెండోవాడు పడవ నడిపే ముసలాయన. పూసల దండ ఆ ముసలాయన మెడలో ఉంది. తెల్లవారగానే దాన్ని కళ్ళకద్దుకుని "చూస్తున్నాడు, వదిలెయ్యడు" అంటాడు. కుర్రవాడు వెక్కిరిస్తాడు. "చూసేవాడైతే ఇంజను బాగుచెయ్యమను" అంటాడు. తుఫాను వచ్చి పడవ విరిగింది. తిండి అయిపోయింది. చివరికి డబ్బా అడుగున కాసిని నీళ్ళు మిగిలాయి. మూతతో కొలిచి ఇద్దరూ తలా కాస్త తాగుతున్నారు.

ముసలాయన మూతను పెదాలకు ఆనించుకుంటాడు. గొంతు కదిలిస్తాడు. కాని నోరు తెరవడు. ఆ నీళ్ళు మళ్ళీ డబ్బాలో పోసి "నీ వంతు" అంటాడు. కుర్రవాడు అది చూశాడు. చూసి కళ్ళు దించుకుని తాగాడు. మర్నాడు కూడా చూశాడు, తాగాడు. ఒక పొద్దున ముసలాయన లేవలేదు. కుర్రవాడు ఆయన్ను నీళ్ళలోకి జార్చే ముందు మెడలోంచి దండ తీసి తన మెడలో వేసుకున్నాడు. ఇంటర్వెల్ అని పడింది.

ఆమె లేవలేదు. దీపాలు వెలిగి, వెనక జంట విడివిడిగా సర్దుకుని కూర్చుని, వరండాలో పాప్‌కార్న్ మిషను టపటపలాడుతున్నా కూర్చునే ఉంది. మిణుగురు వచ్చి టార్చి ముఖాన వేశాడు.

"బాగుందా?"

"బాత్రూములు కడిగావా?"

"కడిగాను."

"ఐతే పో."

ఆ తరవాత తలుపు దగ్గర తన చోటులో నుంచుని చివరి భాగం మళ్ళీ చూసింది. అదే ఓడ, అదే తాడు, అవే నీళ్ళు. మనిషి వెనక్కి తిరిగి పడవను చూసి బావురుమన్నాడు. ఇన్నాళ్ళూ దీన్ని సంతోషమనుకుంది. తన తెలివితక్కువతనానికి ఒళ్ళు మండిపోయింది. ఆ మాట వాడిది కాదు, ఆ పూసలు వాడివి కావు. నమ్మినవాడు ఎప్పుడో సముద్రం పాలయ్యాడు. వెక్కిరించినవాడు బతికి, చచ్చినవాడి మాట వల్లెవేస్తున్నాడు.

ముసలాయన మీద ఆమెకు జాలి కలగలేదు. అందులో అంత గొప్పేముంది? ఇంట్లో ఉన్నది చాలకపోతే పెద్దవాళ్ళు తిన్నట్టు నటించడం ఈ లోకంలో కొత్తా? ఆమె నటించలేదా? కోపమంతా కుర్రవాడి మీదే. తాగినందుకు కాదు. తాగినవాడు తాగి ఊరుకోక ఆ ఏడుపెందుకు? ఇచ్చినాయన చూస్తే ఎంత బాధపడేవాడు! హాయిగా బతకరాదా?

చెత్త చేటలోకి ఎత్తుతుండగా నిర్ణయించుకుంది. తమ్ముడికి అబద్ధం చెబుతుంది. వాడు అసలే మెత్తని మనిషి. ఈ ఏడుపు గురించి వింటే రేపు డాక్టర్ల ముందు నోరు తెరవడు. మ్యాట్నీకి మెట్లు కడుగుతూ కథ అల్లుకుంది. పడవలో ఇద్దరు. ఇద్దరూ సమానంగా తాగారు. ముసలాయనను ముందే ఇంకో పడవవాళ్ళు ఎక్కించుకున్నారు. చివర్లో ఇద్దరూ ఓడమీద కలుసుకుంటారు. తను చూసిన వందల ముగింపుల్లోంచి మంచి మంచి ముక్కలు ఏరి అతికించింది. ఆ తీసినవాళ్ళకంటే తనే బాగా తీసేదనిపించింది కూడా.

సాయంత్రం హాలువాళ్ళిచ్చిన నీలం కోటు విప్పి కొక్కేనికి తగిలించి బస్సెక్కింది. నిలబడే చోటు దొరికింది. దారి పొడుగునా ముసలాయనను ఓడ ఎక్కించే మాటలు నెమరు వేసుకుంది.

వార్డులో తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం ఉబ్బి ఉంది, పెదాలు ఎండి తోలు లేచాయి. వాడికి రోజుకు ఇన్నేనని కొలిచి ఇస్తారు నీళ్ళు. పాదాలు వాచి, మంచం కింద ఉన్న చెప్పుల్లో పట్టేలా లేవు.

"చూశావా?"

"చూశాను. భలే ఉందిరా." ఆమె స్టూలు లాక్కుని మొదలుపెట్టింది. తుఫాను బాగా చెప్పింది. తుఫాను నిజమే కాబట్టి తడబాటు లేదు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేతులు తిప్పడం ఎక్కువైంది. "తలా ఒక మూత. సరిసమానం. ఆ ముసలాయన ఎంత గట్టివాడో! ఇంతలో ఇంకో పడవొచ్చింది. అందులో ఒక్కడికే చోటు. ముసలాయన్ని ఎక్కించారు. చివర్లో ఓడ పైన ఆయనే ఎదురొచ్చి వీణ్ణి కౌగిలించుకున్నాడు. అందుకేరా వాడు ఆ ఏడుపు ఏడ్చింది!"

పక్కమంచం ఆవిడ కూడా వింటూ "అమ్మయ్య" అంది.

 తమ్ముడు నవ్వాడు. పెదవి పగిలి రక్తం వస్తే నాలుకతో అద్దుకున్నాడు.

"ముసలాయన నోరు తెరవలేదక్కా."

ఆమె చేతులు గాల్లో ఆగిపోయాయి.

"విడుదలైన మొదటి రోజే చూశాను, నన్నిక్కడ ఉంచెయ్యకముందు. మీ హాల్లోనే, నాలుగో వరసలో. చివర్లో నువ్వు తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నావు. వాడు అంతలా ఏడుస్తుంటే నువ్వు నవ్వుతున్నావేమిటా అనుకున్నాను. దీపాలు వెయ్యకముందే వంగి జారుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ నేను చెప్తుంటే..."

"నువ్వు చెప్పేదే బాగుంది. అందుకే విన్నాను."

"తెలిసీ నన్నెందుకు చూడమన్నావురా?"

"నేను చెప్తే వినవు. సినిమా చెప్తే వింటావనుకున్నాను." వాడు ఊపిరి కోసం ఆగాడు. "నీకు బీపీ ఉంది. ఒక్క కిడ్నీతో నీకూ ప్రమాదమేనని పెద్ద డాక్టరు నీకు చెప్పాడట. నువ్వు తలూపి, తమ్ముడికి చెప్పొద్దన్నావట. ఆయన నాకు చెప్పాడు. గొంతు కదిలించి మూత నాకందిస్తున్నావు. నేను చూసేశానక్కా. చూసి తాగలేను."

ఆమెకు ఏడుపు రావాల్సింది. కోపం వచ్చింది. "సినిమా చూసి బతుకు నిర్ణయించుకుంటావా? బుద్ధుందా నీకు?"

"ఇన్నాళ్ళుగా నువ్వు చేస్తున్నదేమిటి మరి?"

పక్కమంచం ఆవిడ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఆమె ఏం తోచక వాడి చెయ్యి మీద చిన్నగా ఒక దెబ్బ వేసింది. మిషను సూదులు గుచ్చే చెయ్యి అది. వాడు "అబ్బా" అన్నాడు. ఆమె ఆ చేతినే పట్టుకుని నిమురుతూ కూర్చుంది. నేను పెంచినవాడివి, నా మాట వినాలి అంది. చిన్నప్పుడు ఒక్క మాటైనా ఎదిరించావా అంది. నువ్వు లేకపోతే సాయంత్రాలు నేను ఎక్కడికి పోనురా అంది. ఆ చివరి మాట మాత్రమే నిజంగా అడగాలనుకున్నది.

 వాడు నాలుకతో పెదాలు తడుపుకుని, "దాహంగా ఉంది. క్యాంటీన్‌లో ఐసు ముక్కలు ఇస్తారు. ఒకటి తెచ్చిపెట్టవా, చప్పరిస్తాను" అన్నాడు.

"తింటే రేపు మంచిమాట చెప్తావా?"

"తే ముందు."

వాడు తనంతట తాను ఏదైనా అడిగి ఎన్నాళ్ళైందో. ఆమె మోకాలి సంగతి మరిచి మెట్లు దిగింది. క్యాంటీన్‌లో జనం మూగి ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి దూరి, తిట్లు తిని, నాలుగు తిరిగి తిట్టి, కాగితం కప్పులో ఐసు సంపాదించింది. పైకి వస్తూ రేపటికి మాటలు సిద్ధం చేసుకుంది. బీపీకి మందుబిళ్ళలుంటాయి. డాక్టర్లు భయపెట్టకపోతే వాళ్ళ గొప్పేముంది? పొద్దున్నే మళ్ళీ అడిగితే కరుగుతాడు. వాడు మెత్తని మనిషి.

మంచం ఖాళీగా ఉంది. బాత్రూముకు వెళ్ళాడనుకుని స్టూలు మీద కూర్చుంది. కప్పులో ఐసు అంచులు కరుగుతున్నాయి. పక్కమంచం ఆవిడ దుప్పటి దించి, "సొంత బట్టలు వేసుకుని వెళ్ళాడమ్మా. నీకు తెలుసనుకున్నాను" అంది.

బాత్రూములో లేడు. వరండాలో లేడు. గేటు దగ్గర కాపలావాడు, "ముఖం ఉబ్బినాయనేగా? వట్టికాళ్ళతో ఉన్నాడు. బస్సెక్కాడు" అన్నాడు. ఏ బస్సని అడిగితే, "అన్నీ ఇక్కడే ఆగుతాయమ్మా" అన్నాడు. ఇంటికి వెళ్ళడని ఆమెకు తెలుసు. ఇంటికి వెళితే ఆమె వస్తుంది. మిషను లేకుండా వాడు ఎన్నాళ్ళుంటాడో కూడా తెలుసు. డాక్టర్లు ఆ సంగతి చాలాసార్లే చెప్పారు.

రోడ్డు మీద నిలబడి ఆమె వాడిని బూతులు తిట్టింది. దారినపోయేవాళ్ళు తప్పుకుని పోయారు. ఇన్నేళ్ళూ ముసలాయన వేషం తనదనుకుంది. వాడు లాక్కున్నాడు. పడవలో మిగలాల్సింది తను కాదు. వెనక్కి తిరిగి చూసి ఏడవాల్సింది తను కాదు. పైవాడు చూస్తున్నాడట! చూసి ఏం లాభం?

పైకి వెళ్ళేసరికి నర్సు మంచం దగ్గర నిలబడి ఉంది. "ఆయన రాకపోతే ఈ మంచం ఇంకొకరికి ఇవ్వాలి. సామాను తీసేస్తారా?" అంది. తీయడానికి ఏమంత సామాను లేదు. ఆమె చేతిలో కప్పు అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తోచక కిటికీ మీద పెట్టింది.

దుప్పటి సర్ది ఉంది. దాని మధ్యలో ఆస్పత్రివాళ్ళ పచ్చచొక్కా ఉంది, బొత్తాలన్నీ పెట్టి, చేతులు వెనక్కి మడిచి, కాలరు పైకి వచ్చేలా, ఎక్కడా ముడత లేకుండా.